రాజుగారు నిద్రపోయిన పీరియడ్

మూడేళ్ళపాటు ప్రతి ఏప్రిల్ నెలాఖరునా నా ఉద్యోగం ఊడిపోయేది. మళ్ళీ జూలై మొదటి వారంలో వచ్చేది. మధ్యలో ఆ రెండు నెలలూ నేను టీచర్ని అవునో కాదో నాకే తెలిసేది కాదు. భిలాయిలో, స్టీలు ప్లాంటు పిల్లలు చదివే ఒక స్కూల్లో హిస్టరీ చెప్పే టెంపరరీ టీచర్ని నేను. తొంభైల మధ్య మాట. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు, మాదంతా మధ్యప్రదేశే. వేసవి సెలవులు రాగానే మీ సేవలు ఇక అవసరం లేదని ఒక కాగితం, వానలు పడగానే మీ సేవలు మళ్ళీ అవసరమైనాయని ఇంకో కాగితం. మావారు ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, దాని మీద అందమైన అక్షరాలతో "రాకపోకలు" అని రాశారు. ఆయనకి వెటకారం కొంచెం ఎక్కువ.

మా టౌన్‌షిప్పులో కొత్త మనిషి కనబడితే మొదట అడిగేది "ఏ డిపార్ట్‌మెంటు?" అని. రెండోది "ఏ సెక్టరు?" అని. ఆ రెండూ తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టే లెక్క. ఆడవాళ్ళని అడిగినా ఆ ప్రశ్నలు మొగుడి గురించే. మేం ఉండేది సెక్టర్ 7లో, మావారు పనిచేసేది డ్రాయింగ్ ఆఫీసులో. కాబట్టి కూరగాయల బజారు నుంచి ఆసుపత్రి దాకా నేను "డ్రాయింగ్ ఆఫీసు మిసెస్"ని. విజయనగరంలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు. హిస్టరీలో ఎం.ఏ. చేశానని మా వీధిలో అందరికీ తెలుసు. ఇక్కడ పదేళ్ళు మిసెస్‌గా తిరిగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. నాకంటూ ఒక డిపార్ట్‌మెంటు కావాలి, అంతే. స్కూలు రిజిస్టర్లో టెంపరరీ వాళ్ళ పేర్లు పెన్సిల్‌తో రాసేవారు. జూలైలో వస్తే సరేసరి, రాకపోతే రబ్బరుతో తుడిచేయడం తేలిక. ఆ పెన్సిల్ పేరు చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

నాలుగో ఏడు సెప్టెంబరులో ప్రిన్సిపాల్ మేడమ్ గదికి పిలిచి విషయం చెప్పారు. పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి నా క్లాసులో కూర్చుంటారట. ఒక్క పీరియడే. ఆయనకి నచ్చితే పర్మనెంటు.

"నచ్చకపోతే?" అన్నాను.

"నచ్చకపోతే ఈసారి ఏప్రిల్లో వెళ్తే జూలైలో రావడం ఉండదమ్మా. నీ వయసు చూసుకో, వచ్చే ఏడాదికి పర్మనెంటు వయోపరిమితి దాటిపోతోంది" అన్నారావిడ, నా సర్వీసు కాగితం మీద వేలు పెట్టి. అంటే ఉన్నది ఒక్క ఛాన్సు, నలభై నిమిషాలు. ముఖం చాలా ధీమాగా పెట్టి బయటికొచ్చాను.

ఆ వారానికి తొమ్మిదో తరగతిలో పడిన పాఠం, పదహారు, పదిహేడు శతాబ్దాల యూరప్‌లో నిరంకుశ రాజులు. ముందుగా ఒకసారి చెప్పి చూసుకుందామనుకున్నాను. రాజు నోటినుంచి వచ్చిందే చట్టం. పన్ను ఎంతంటే అంత. సైన్యం ఆయనది, న్యాయస్థానం ఆయనది. ఎందుకయ్యా అంటే దేవుడే నన్నిక్కడ కూర్చోబెట్టాడంటాడు. జనం తరఫున మాట్లాడే సభ ఒకటుంటుంది గానీ దాన్ని పిలవనే పిలవడు. చెమటలు కక్కుతూ బోర్డంతా నింపేసి వెనక్కి తిరిగితే, నలభైమందీ ఆవులిస్తున్నారు. ఇంగ్లండులో ఒక రాజు ఇలాగే పెత్తనం చేయబోతే జనం తల నరికించారని చెప్పినప్పుడు మాత్రం కాస్త కదిలారు.

"దేంతో నరికారు మేడమ్?"

"గొడ్డలితో."

క్లాసంతా చాలా సంతోషించింది.

ఇలా కాదని ఫ్రాన్సు రాజు నిద్రలేవడం గురించి మొదలుపెట్టాను. తనను తాను సూర్యుడితో పోల్చుకున్న రాజు ఆయన. ఆయన పొద్దున్నే కళ్ళు తెరవడం కూడా ఒక ఉత్సవమే. పడకగది బయట పెద్దపెద్ద జమీందార్లు వరసలో నిలబడాలి. హోదానిబట్టి ఒక్కొక్కరినే లోపలికి వదులుతారు. ఒకాయన చొక్కా కుడిచెయ్యి పట్టుకుంటాడు, ఇంకొకాయన ఎడమచెయ్యి పట్టుకుంటాడు. కొవ్వొత్తి పట్టుకునే అదృష్టం కోసం కొట్టుకు చచ్చేవాళ్ళు.

ఒకడు చెయ్యెత్తాడు. "వాళ్ళకి డ్యూటీ ఉండదా మేడమ్?"

"అదే వాళ్ళ డ్యూటీ."

"అయితే ఏ షిఫ్టు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు తట్టింది నాకు. ఈ పాఠాన్ని చెప్పకూడదు, ఆడించాలి. పెద్దాయన ముందు రాజు నిద్ర లేవాలి, జమీందార్లు చొక్కా పట్టుకోవాలి, ఆ తర్వాత నేను ప్రశ్నలు అడగాలి. ఇంటికెళ్ళి మావారికి చెబితే, "రాజుని లేపడానికి నీ గొంతు చాలదూ, జమీందార్లెందుకు?" అన్నారు. నా గొంతు మీద ఆయనకి మొదటినుంచీ కోపమే.

రాజుగా మగపిల్లల్ని పెడదామంటే ఒక్కడూ సరిగ్గా పడుకోడు. పడుకోగానే ఇకిలిస్తాడు. చివరికి ఒక ఆడపిల్లని ఎంచాను. రిసాలి క్వార్టర్ల నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. పిల్ల పొడుగ్గా, కాస్త దబాయింపుగా ఉండేది. హిందీ గలగలా మాట్లాడేది, తెలుగు మాత్రం వాళ్ళమ్మానాన్నల దగ్గర ఎంత విందో అంతే. "నాను రాజయితే డైలాగేటి మేడమ్?" అని అడిగింది.

"ఎవరక్కడ, నా చొక్కా! అంతే."

"అంతేనా? ఇంకేటీ లేదా?"

"రాజుకి అంతకన్నా మాటలు అక్కర్లేదే."

చొక్కా కోసం ల్యాబులోంచి తెల్లకోటు అడిగి తెచ్చాం. కప్పుకోవడానికి నా పెళ్ళినాటి జరీచీర ఇచ్చాను. జుట్టుకి కొబ్బరిపీచు. రెండు బల్లలు కలిపితే రాజుగారి పట్టెమంచం. క్లాసులో పాఠం హిందీ, ఇంగ్లీషు కలగలిపి నడుస్తుంది కనుక రాజభాష కూడా అదే. ఇక్కడ నేను మన భాషలోకి మార్చి చెబుతున్నాను.

రిహార్సల్ మొదటిరోజే నాకు పిచ్చెక్కింది. జమీందార్లు ఎనిమిదిమంది దర్జాగా అడుగులేసుకుంటూ వచ్చి, "మహారాజా, వేళయింది!" అని గది దద్దరిల్లేలా అరవాలి. వీళ్ళేమో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద వస్తున్నారు. దారిలో కుర్చీ అడ్డమొస్తే జరపకుండా ఎత్తి పక్కన పెడుతున్నారు. మహారాజా అన్న మాట ఊపిరిలా వస్తోంది తప్ప గొంతులోంచి రావడంలేదు.

"ఏమిట్రా ఇది! దర్బారా, ఆసుపత్రా?" అని అరిచాను.

మొదటి బెంచీలో ఒక పొట్టిపిల్ల ఉండేది, ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళ అమ్మాయి, వాళ్ళ నాన్న ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో. ఆ పిల్ల నావైపు జాలిగా చూసింది. "పడుకున్న మనిషి దగ్గర గట్టిగా ఎలా మాట్లాడతాం మేడమ్?"

"ఎందుకు మాట్లాడవు? నోరు లేదా?"

అప్పుడు ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. నాన్న నైట్ షిఫ్టులో ఉన్న వారమంతా మధ్యాహ్నందాకా ఇంట్లో ఎలా ఉంటుందో నాకు చెప్పారు. కాలింగ్ బెల్ వైరు పీకేస్తారట. కిటికీకి దుప్పటి కడతారు. కుక్కరు పెట్టరు, విజిల్ వేస్తుందని. తాలింపు వేయరు, ఘాటుకి దగ్గొస్తుందని. వీధిలో కూరలవాడు కేక వేయబోతే ఎవరో ఒకరు పరిగెత్తి వాడి నోరు మూయిస్తారు. క్రికెట్ ఆడాలంటే క్వార్టర్ల లైన్లు రెండు దాటి పోవాలి. ఒకడైతే, వాళ్ళమ్మా తనూ సైగలతోనే పోట్లాడుకుంటామని చేసి చూపించాడు. ఆమె తిట్టు ఎలా ఉంటుందో కూడా చేతులతోనే చూపించాడు.

నాకిదంతా కొత్త. మావారిది జనరల్ షిఫ్టు, పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తారు. ఆయన పడుకుంటే నేనే లేపుతాను, అదీ వంటింట్లోంచి. పదేళ్ళకి పైగా అదే ఊళ్ళో ఉంటూ నాకీ సంగతి తెలియలేదంటే సిగ్గేసింది. కానీ లోపలున్న టీచరు ఊరుకోదుగా. "చూశారా, మీ ఇళ్ళలోనూ ఒక నిరంకుశ రాజున్నాడు" అన్నాను, ఏదో కనిపెట్టేసినట్టు.

మా రాజు బల్లమీంచి లేచి కూర్చుంది. తెలుగులోకి మారిపోయింది. "రాజేటి మేడమ్! నిద్ర సాలకపోతే అక్కడ సేయి జారిపోద్ది. మంట కదా అక్కడ" అంది.

 అయినా మూడురోజులు కష్టపడి జమీందార్లకి అరవడం నేర్పించాను. నాలుగోరోజుకి పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి, రాజుగారు ఇంకా లేవలేదా అని అడిగే స్థాయికి తీసుకొచ్చాను.

ఆ రోజు రానే వచ్చింది. పై ఆఫీసు పెద్దాయన సన్నగా, గొడుగు చంకలో పెట్టుకుని, టీ వద్దని చెప్పి తిన్నగా క్లాసుకి వచ్చారు. చివరి వరసలో కుర్చీ వేశాం. ఆయన పక్కన ప్రిన్సిపాల్ మేడమ్. రాజు అప్పటికే జరీచీర కప్పుకుని బల్లల మీద పడుకుంది. నేను ముందుమాట మొదలుపెట్టాను. ఐదు నిమిషాలనుకున్నది, ఆయన తలూపుతూ రాసుకుంటున్నారని ఉత్సాహం వచ్చి పన్నెండు నిమిషాలు చెప్పాను. బోర్డు మీద ఫ్రాన్సు పటం కూడా గీశాను. అది బంగాళాదుంపలా వచ్చింది, అయినా ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు మహారాజు నిద్రలేచే వేళ" అని చెయ్యి ఊపాను.

జమీందార్లు దర్జాగానే బయల్దేరారు. బూట్లు పట్టుకున్నవాడు ఒకడు, ముందు తెల్లకోటు పట్టుకున్నవాడు ఒకడు. వాడు బల్ల దగ్గరికి వెళ్ళి, నోరు తెరిచి, టక్కున మూసేశాడు. వంగి చూశాడు. వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టాడు. అంతే, మిగతా ఏడుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మూడురోజులు నేను నేర్పిన అరుపులన్నీ గంగలో కలిసిపోయాయి.

దగ్గరికి వెళ్ళి చూశాను. మా రాజు నిజంగా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, చిన్న గురక కూడా.

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. ఆ తర్వాత కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. నా నాలుగేళ్ళు, నా పెన్సిల్ పేరు, నా పెళ్ళిచీర, అన్నీ ఆ బల్ల మీద గురకపెడుతున్నాయి. భుజం పట్టుకుని కుదిపేద్దామని చెయ్యి చాపాను. మొదటి బెంచీ పొట్టిపిల్ల నా చీరకొంగు పట్టుకుని లాగింది.

"సోనే దో మేడమ్" అంది, వినీ వినబడకుండా. "పడుకోనివ్వండి. వాళ్ళమ్మ ఊరెళ్ళింది, వాళ్ళక్క పురిటికి. నాన్నకి ఈ వారం ఫస్ట్ షిఫ్టు, పొద్దున ఆరింటికే డ్యూటీ. తను నాలుగింటికి లేచి వంటచేసి డబ్బా కడుతోంది. తమ్ముణ్ణి కూడా తయారుచేసి వస్తోంది."

చూశాను. పిల్ల గోళ్ళ సందుల్లో ఎండిన గోధుమపిండి ఉంది. ముంజేతి మీద ఎర్రగా ఒక కాలిన గీత, పెనం తగిలినట్టుంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లేపితే ఆ పెద్దాయనకి నాటకం చూపించొచ్చు. లేపకపోతే నా ఉద్యోగం పోవచ్చు. ఈ రెండూ అంత స్పష్టంగా తెలిసి కూడా నా చెయ్యి మళ్ళీ ముందుకు వెళ్ళలేదు. నేనేదో మహాత్మురాలినని చెప్పుకోవడం లేదు. లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

జరీచీర ఆ పిల్ల భుజం మీదికి లాగి కప్పి, క్లాసువైపు తిరిగి, నా జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా పాఠం మొదలుపెట్టాను.

"ఈ పెద్దమనుషులు రాజు చొక్కా ఎందుకు పట్టుకుంటున్నారు?"

నలభైమందీ గుసగుసగా జవాబు చెప్పడానికి అలవాటుపడ్డవాళ్ళే. తెల్లకోటువాడు చెప్పాడు. "రాజుకి దగ్గరగా ఉంటే ఏదో ఒకటి దొరుకుతుందని మేడమ్. పదవో, జాగీరో."

"వాళ్ళ ఊళ్ళలో వాళ్ళకి కోటలున్నాయి, మనుషులున్నారు. ఇక్కడెందుకు?"

"అక్కడే ఉంటే తిరగబడతారని రాజు పిలిపించుకున్నాడు మేడమ్. చొక్కాలు పట్టుకోమన్నాడు. చేతులు ఖాళీగా ఉండవు కదా!"

"మరి రాజు తప్పుచేస్తే?"

"చెప్పేవాడు ఉండడు."

"ఎందుకని?"

"చెప్తే చొక్కా ఇంకొకడికి ఇచ్చేస్తాడు."

వారం క్రితం ఆవులించిన పిల్లలేనా వీళ్ళు అనిపించింది. అప్పటికి చివరి వరసలో పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగుతున్నారు. ఇంకా వినబడక, లేచారు. కుర్చీని బరబరా లాగుతారనుకున్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వచ్చి, మొదటి బెంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వెనక ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను మింగేసేలా చూస్తున్నారు.

ఆయన వంగి, జమీందార్లనే అడిగారు, అదే గుసగుసతో. "మీ రాజు లేస్తే మీకేమిస్తుంది?"

బూట్లు పట్టుకున్నవాడు ఆలోచించాడు. "ఏమీ ఇవ్వదు సార్. తన దగ్గరేం ఉంది?"

"మరి లేపడానికి అంత భయం దేనికి?"

"భయం కాదు సార్. అలిసిపోయింది."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇది నిరంకుశత్వం కాదంటారా?"

పొట్టిపిల్ల లేచి నిలబడింది, బెంచీ చప్పుడు కాకుండా. "కాదు సార్. లేపొద్దని తను చెప్పలేదు. మేమే అనుకున్నాం."

పెత్తనానికీ మన్ననకీ మధ్య నేను పదిరోజులు పుస్తకాలు తిరగేసి రాసుకున్న తేడా అదే. నా నోట్సులో ఒకటిన్నర పేజీ పట్టింది.

అప్పుడు గంట కొట్టారు. మా స్కూలు గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క, కొడితే సగం సెక్టరుకి వినబడుతుంది. మా రాజు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. కొబ్బరిపీచు ముఖం మీద పడింది. ఏ ఘడియలో ఉందో తెలియక, కళ్ళు మూసుకునే, గొంతు చించుకుని అరిచింది.

"ఎవరక్కడ! నా చొక్కా!"

క్లాసు ఇక ఆగలేకపోయింది. బల్లలు కొట్టుకుంటూ, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. నేను నవ్వాపుకోలేక బోర్డువైపు తిరిగి బంగాళాదుంపని తుడిచేశాను. పెద్దాయన ముఖం మాత్రం చూడలేకపోయాను. నేను ఇటు తిరిగేసరికి ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. 

ప్రిన్సిపాల్ మేడమ్ నా దగ్గరికి వచ్చారు. "ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్ని నిద్రపుచ్చిన టీచర్ని నా సర్వీసులో నిన్నే చూశాను" అన్నారు.

ఆ మాట గుమ్మం దగ్గర నిలబడ్డ మా రాజు వింది. జరీచీర మడతపెట్టి నా చేతికిచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయింది. మర్నాటినుంచి చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది. నేను ప్రశ్న అడిగితే పుస్తకంలోకి చూసేది. ఒకరోజు వరండాలో పట్టుకున్నాను.

"ఏటే, నా మొహంకేసి సూడవేటి?" అన్నాను, మా వైపు మాటలో.

"నా వల్ల మీ పేరు కొట్టేస్తారంట మేడమ్. అందరూ అంతన్నారు."

"కొట్టేస్తే కొట్టేయనీ. నువ్వేం చేశావని?"

చెప్పడం చెప్పాను గానీ అందులో నిజం సగమే. ఇంటికెళ్ళి నేనూ తిండి సహించక కంచం ముందు కూర్చునేదాన్ని. రెండుమూడుసార్లు ఆ పిల్లమీద కోపం కూడా వచ్చింది, ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ వచ్చింది. ఇంకో పది నిమిషాలు కళ్ళు తెరుచుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదే అనుకున్నాను. నాలుగింటికి లేచే పిల్లని. మావారు మొదటి నాలుగురోజులు రాజు, రాజ్యం అంటూ వేళాకోళం చేశారు. ఐదోరోజు నా ముఖం చూసి మానేశారు. "రాకపోకలు" ఫైలు ఎక్కడో పైన సర్దేశారు.

రెండువారాల తర్వాత, శనివారం. ఒంటిపూట బడి. పిల్లలంతా వెళ్ళిపోయాక ప్రిన్సిపాల్ మేడమ్ మనిషిని పంపించి పిలిపించారు. ఒక కవరు ఇచ్చారు. తెరిచి మొదటి వాక్యం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివేసరికి అర్థమైంది. నన్ను పర్మనెంటు చేశారు. పెద్దాయన రిపోర్టు నకలు కూడా జతచేసి ఉంది. "తరగతిపై అదుపు" అన్నచోట ఆయన ఒక్క ముక్క రాశారు. ఇంత నిశ్శబ్దంగా ఇంతమంది మాట్లాడిన తరగతిని నేను చూడలేదు, అని. ప్రిన్సిపాల్ మేడమ్ చిన్నగా దగ్గి, "సరే, కంగ్రాట్స్. స్వీట్లు సోమవారం తెచ్చెయ్" అన్నారు.

ఇంటికి వెళ్ళాలి, మావారికి చెప్పాలి. కానీ నా లూనా బండి రిసాలి దారి పట్టింది. సోమవారందాకా ఆ పిల్లని అలా వదిలేయడం నావల్ల కాలేదు.

వాళ్ళ క్వార్టరు కనుక్కునేసరికి రెండు కావస్తోంది. లైనంతా నిర్మానుష్యంగా ఉంది. కిటికీకి నల్లదుప్పటి, గుమ్మం పక్కన పీకేసిన బెల్ వైరు. వాళ్ళ నాన్నకి ఈ వారం నైట్ అన్నమాట. ఒక్క వేలుతో తలుపు గీరాను. ఆ పిల్లే తీసింది. నన్ను చూసి ముఖం తెల్లబోయింది, ఏదో చెడువార్త మోసుకొచ్చాననుకున్నట్టుంది. కాగితం చూపించి, నవ్వి, తలూపాను. అయినా నమ్మలేదు. నా చేతిలోంచి లాక్కుని చూడటం మొదలుపెట్టింది.

లోపల మంచం కిర్రుమంది. "ఎవులే?"

"మా హిస్టరీ మేడమ్, నానా. నువ్వు తొంగో."

ఆయన లుంగీ సవరించుకుంటూ వచ్చేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "క్షమించండి, లేపేశాను" అని నేను గొణుగుతుంటే వినిపించుకోలేదు. కూతురి చేతిలో కాగితంవైపే చూస్తున్నాడు.

"నాను తొంగోలేదు మేడమ్, నిద్దరట్టలేదు. ఈ గుంట రెండువారాలకాడ్నుంచి తిండి తింతం లేదు. ఏటే అనడిగితే, మేడమ్ ఉద్యోగం నానే తీసీసినానంతాది. ఆ కాయితమేనా ఇది? సదవే. గట్టిగా సదువు."

"నానా, లైనంతా తొంగున్నారు."

"లెగనీ" అన్నాడాయన. "లెగనీయే, ఏటయిపోద్ది? సదువు."

చదివింది. అంతా ఆఫీసు ఇంగ్లీషు, ఒక్కో వాక్యం మైలు పొడుగు. తడబడుతూ, ఆగుతూ, నకలు ఎవరెవరికో రాసిన వరసలతో సహా కిందిదాకా గట్టిగా చదివింది. నా పేరు వచ్చినచోట ఇంకా గట్టిగా చదివింది. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు, చేతులు కట్టుకుని తలూపుతూ విన్నాడు. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"పర్మనెంటేనా?"

"పర్మనెంటే నానా."

"అయితే ఇప్పుడు అన్నం తింతావేటి?"

పిల్ల తలూపింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చేసింది. ఏడుస్తూ, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి కంచాలు తీస్తున్న చప్పుడు వినబడింది. వాళ్ళమ్మ ఇంకా ఊరినుంచి రాలేదు, తమ్ముడు ఆటలకి పోయాడట, మూడు కంచాలు పెట్టాడు. మీరు పడుకోండి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి కదా అంటే, "కూకోండి మేడమ్" అన్నాడు. కూతురు లేవబోతే దాన్నీ కూర్చోమన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ ఆయనే వడ్డించాడు.